కుప్పతొట్టి దగ్గర మైనరు

చింతాద్రిపేట, చెన్నపట్నం
1956 జూన్ 18

వరదయ్య మామకు రాజలక్ష్మి చేసే నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. ముగ్గురేమిటని వేళ్ళు మడిచి లెక్కపెట్టి, అత్త చెవిలో ఊది, పుత్తూరంతా తీపి పంచేవు సుమా! మూడోవాడు నువ్వు వెదురుబుట్టలో పెట్టి నాతో రైలెక్కించిన కుక్కపిల్లే.

వాడికి నీ అల్లుడు మైనరు అని పేరు పెట్టారు. నాలుగు కాళ్ళకూ తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు ఉంటాడు కదా. పొద్దున్నే ఒళ్ళు విరుచుకుని, తోక పైకెత్తి, తాతల ఆస్తి చూసుకునేవాడిలా పెరడంతా ఒక చుట్టు చుట్టి వస్తాడు. ఆ ఆస్తి మొత్తంలో వాడి మనసుకు నచ్చింది ఒకటే, కుప్పతొట్టి!

నువ్వు మా ఇల్లు చూడలేదు కాబట్టి చెబుతున్నా. ముందు భాగంలో ఇంటామె అమ్మణమ్మ ఒక్కతే ఉంటుంది. వెనక పోర్షన్ మాది. మేడ మీద గదిలో తెనాలి నుంచి వచ్చి సినిమా వేషాల కోసం తిరిగే కాంతారావు. అందరికీ ఒకటే బావి, ఒకటే పెరడు, పెరటి మూల ఒకటే సిమెంటు తొట్టి. ఎవరు తిన్న అరటాకైనా, ఎవరు తరిగిన వంకాయ తొడిమైనా అందులోకే. అమ్మణమ్మ భర్త పోయి చాలా ఏళ్ళయింది. మహా మడి. పొద్దున బావి దగ్గర స్నానం చేసి తడిచీరతో లోపలికి వెళ్ళిందంటే, మధ్యాహ్నం భోజనం అయ్యేదాకా మన గాలి కూడా ఆమెకు తగలకూడదు. నీచు వండబోమని ఒప్పుకున్నాకే మాకు ఇల్లిచ్చింది. నీ అల్లుడేమో రాయపురంలో గోడౌను గుమాస్తా, చుట్టూ చేపలే. సాయంత్రం బావి దగ్గర నీళ్ళు పోసుకుని చొక్కా మార్చుకుంటే తప్ప నేనాయన్ని గడప దాటనివ్వను.

ఇక మైనరు చేసిన ఘనకార్యం విను. నిన్న తొట్టిలోంచి పులుసు కారుతున్న ఆకొకటి లాగాడు. దాన్ని అక్కడే తింటే మర్యాద తక్కువనుకున్నాడేమో, ఊరేగింపుగా పెరడంతా తిప్పాడు. చివరికి దండెం మీద ఆరేసిన అమ్మణమ్మ మడిచీర కొంగు నోటికి అందింది. ఆకూ చీరా కలిపి పట్టుకుని గిరగిరా తిరిగాడు మామా! నాకు నవ్వాగలేదు. వెనక్కి చూస్తే అమ్మణమ్మ.

"ఏమ్మా రాజలక్ష్మీ, నవ్వుతా ఉండావా? నవ్వు, నవ్వు! వినాయక చవితి లోపల వాడు కుప్ప ముట్టడం మానాల. మానకుంటే వాడన్నా పోవాల, మీరన్నా పోవాల. అంతే, ఇంక మాట లేదు!" అంది.

ఈ పట్నంలో ఇంకో ఇల్లు దొరకడం ఎంత కష్టమో నీకు తెలుసు. వాణ్ణి మామకే పంపేద్దాం అంటున్నారు నీ అల్లుడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన పొద్దున పోతే దీపాల వేళకు గానీ రారు. పగలంతా నేను మాట్లాడితే చెవులు నిక్కించి వినేది వాడొక్కడే. వాణ్ణి పంపలేను. ఏం చేస్తే మానతాడో వెంటనే రాయి.

నీ మేనకోడలు,
రాజలక్ష్మి

పుత్తూరు
1956 జూన్ 23

రాజలక్ష్మికి మామ దీవెనలు.

నీ ఉత్తరం మొదటి ముక్క వినగానే మీ అత్త చెంగమ్మ బెల్లం డబ్బా మూత తీసేసింది. రెండో ముక్క నేను చదివేలోగా పక్కింటికి పోయి చెప్పేసింది కూడా. ఇప్పుడు వీధి వీధంతా నీ ఆరోగ్యం అడుగుతోంది. కుక్కపిల్ల సంగతి చెప్పినా ఎవరూ నమ్మడం లేదు. నువ్వు సిగ్గుపడి దాస్తున్నావంటున్నారు. ఎలా సర్దుకుంటావో నీ ఇష్టం.

అసలు సంగతికొస్తా. నేనిచ్చిన కుక్క కుప్ప తింటుందా! వాడి తల్లి మన కళ్ళంలో శెనక్కాయ రాశికి కాపలా ఉంటే పిచ్చిక కూడా దిగడానికి ఆలోచించేది. అలాంటి వంశంలో పుట్టి ఎంగిలాకులా? పట్నం నీళ్ళ గుణమే అది. నాకు తల కొట్టేసినట్టుంది.

మా నాయన పద్ధతి చెబుతా, అక్షరం పొల్లుపోకుండా చెయ్యి. అరటాకు ముక్కలో కాస్త అన్నం, అందులో పిడికెడు కారం, పైన నెయ్యి చుక్క. తొట్టిలో అన్నిటికంటే పైన పెట్టు. ఒక్కసారి నాలుక మండిందంటే జన్మలో ఆ దిక్కు చూడడు.

కొట్టొద్దు. దెబ్బలు తిన్న కుక్క దొంగతనం మానదు, నీకు కనపడకుండా చేస్తుంది. ఒకవేళ నీ వల్ల కాకుంటే బెంగపడకు, మామ ఉన్నాడు. ఈ ఇంటి ముందు అరుగు ఖాళీగానే ఉంది.

ఇక్కడ వాన చుక్క లేదు. మీ అత్త మోకాలు మాత్రం రోజూ వానొస్తుందని చెబుతోంది.

వరదయ్య

చింతాద్రిపేట
1956 జూలై 2

మామకు నమస్కారాలు.

నీ నాయన పద్ధతి అక్షరం పొల్లుపోకుండా చేశాను. కానీ ఆకు తిన్నది మైనరు కాదు, ఆవు!

మాకు పాలు పోసే అమ్మాసి ఆవును పెరటి తలుపు దాకా తోలుకొచ్చి మన కళ్ళెదుటే పిండుతాడు. నేను కారం ముద్ద పెట్టి అటు తిరిగానో లేదో, ఆవు మెడ చాచి ఆకుతో సహా మింగేసింది. కాసేపు ఏమీ కాలేదు. అమ్మాసి చెంబు కింద పెట్టి కూర్చున్నాడు. అప్పుడు చూడాలి మామా! ఆవు తోక నిలబెట్టి ఒక్క గెంతు గెంతింది. చెంబు వెళ్ళి బావి గోడకు కొట్టుకుంది. అమ్మాసి తాడు వదలడు, ఆవు ఆగదు. ఇద్దరూ కలిసి కూవం నది వంతెన దాకా పోయారని తర్వాత తెలిసింది. "నా ఆవుకు గాలి సోకిందమ్మా!" అని వాడొకటే ఏడుపు. మైనరు ఇదంతా తన కోసమే ఏర్పాటు చేశారనుకుని మెట్టు మీద నిలబడి తోకూపుతూ చూశాడు.

ఆ పూట ఇంట్లో పాలు లేవు. పాలు లేకపోతే కాఫీ లేదు. కాఫీ లేని అమ్మణమ్మను నువ్వు చూడలేదు, చూడకుండా ఉంటేనే మంచిది. మధ్యాహ్నం దాకా గిన్నెలు మాట్లాడాయి గానీ ఆమె మాట్లాడలేదు. కారం సంగతి నేనెవరికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ఆవు మర్నాటికే కుదుటపడింది. అమ్మాసి మాత్రం దాని మెడకు తాయెత్తు కట్టించాడు.

ఇంకో మాట. అత్త పంపిన పార్సిలు అందింది. మామిడి ఒరుగులు, చింతకాయ తొక్కు, మూడు నెలలదాకా బరువులెత్తొద్దని చీటీలో బోధ! నీ అల్లుడు ఆ చీటీ చదివి నన్నొకసారి, మైనరునొకసారి చూసి, నవ్వి నవ్వి పీట మీంచి పడ్డారు.

కారం కాకుండా వేరే దారి చెప్పు. వాడు రోజూ తొట్టిలో తల దూర్చడం మానలేదు.

రాజలక్ష్మి

పుత్తూరు
1956 జూలై 8

రాజలక్ష్మికి దీవెనలు.

ఆవుకు కారం తగిలిందని చదివి రెండు రోజులు నాకు నిద్ర లేదు. మజ్జిగలో బెల్లం కలిపి తాగించాలి. నాలుకకు వెన్న రాయాలి. ఎండలో కట్టకూడదు. పుల్లటిది ఏదీ పెట్టకూడదు. ఈత కాలం దగ్గరపడిందా? పాల రంగు ఎలా ఉంది? నెమరు వేస్తోందా? ఇవన్నీ చూసి వెంటనే రాయి. అమ్మాసిని నా మాటగా ఓదార్చు. పాడి పశువు ఉసురు మనకొద్దు.

ఇంత రాశాక మీ అత్త ఉత్తరం చదివి, "ఆవు కుదుటపడిందని రాసింది కదా, కుక్క సంగతి చెప్పవయ్యా" అని కసిరింది. సరే, విను.

ఇది మా నాయనది కాదు, మైనరు తల్లికి నేనే కళ్ళంలో నేర్పిన పద్ధతి. తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చో. చేతిలో వేయించిన శెనక్కాయ పప్పులు పెట్టుకో. వాడు తొట్టిలో మూతి పెట్టబోతే ఒకటే మాట అను, 'వద్దు'. అరవకు. ఆ మాటకు వాడు తల తిప్పి నీ ముఖం చూస్తాడే, ఆ క్షణమే పప్పు వాడి నోట్లో పడాలి. కుప్పలో దొరికేదానికంటే నీ చేతిలో దొరికేది మేలని వాడికే తెలియాలి. కొన్నాళ్ళకు నువ్వు అనకముందే నీ వైపు చూస్తాడు. ఇంకొన్నాళ్ళకు నువ్వు లేకపోయినా చూస్తాడు.

ఇంట్లో అందరూ అదే మాట అనాలి, అదే గొంతుతో. ఒకరు వద్దని, ఇంకొకరు పెడితే కుక్క కాదు కదా, మనిషి కూడా నేర్చుకోడు.

వరదయ్య

చింతాద్రిపేట
1956 జూలై 27

మామకు నమస్కారాలు.

మా పెరడు ఇప్పుడు పాఠశాల అయిపోయింది. నేను పీట మీద పంతులమ్మ, మైనరు ఎదుట విద్యార్థి, మధ్యలో తొట్టి. గోడకు అవతల పక్కింటివాళ్ళు స్టూలెక్కి చూస్తున్నారు.

మొదట్లో నా 'వద్దు'కు వాడు చెవి కూడా కదల్చలేదు. మేడ మీంచి కాంతారావు వింటున్నాడట, దిగొచ్చాడు. ఏదో సినిమాలో అతనికి ఒకే ఒక్క మాట ఉన్న వేషం దొరికిందట. ఆ ఒక్క మాటనే నెలరోజులుగా సాధన చేస్తున్నాడు. "అలా కాదండీ అక్కయ్యగారూ! గొంతులోంచి కాదు, బొడ్డులోంచి రావాలండీ! చూడండి!" అని ఛాతీ పొంగించి "వద్దూ!" అన్నాడు. మైనరు సరే, బావి దగ్గర నీళ్ళు తోడుకుంటున్న నీ అల్లుడు చేద వదిలేశారు. చేద తీయడానికి పాతాళగరిగె అడిగి తేవాల్సి వచ్చింది.

కానీ బొడ్డులోంచి అనడం పనిచేసింది! అన్నానో లేదో గిరుక్కున తిరిగి నా ముఖం చూశాడు. పప్పు పడింది. ఆ రోజు నుంచి దారిలో పడ్డాడు. నాకూ ఆ గొంతు అలవాటైపోయింది. మొన్న నీ అల్లుడు నాలుగో దోసె మీద చెయ్యి వేస్తే నాకు తెలియకుండానే "వద్దు" అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసి నా ముఖం చూశారు. నేను వెంటనే ఆయన నోట్లో శెనక్కాయ పప్పు పెట్టాను. ఇద్దరం ఎంతసేపు నవ్వామో చెప్పలేను.

ఇప్పుడు మైనరు వంకాయ తొడిమ ముట్టడు, ఉల్లిపొట్టు ముట్టడు, మా ఆకులు వాసన చూసి వదిలేస్తాడు. ఒక్క అమ్మణమ్మ ఆకు దగ్గరే వాడి బుద్ధి గడ్డి తింటోంది. మధ్యాహ్నం ఆమె తలుపు గడియ చప్పుడైతే చాలు, నా పప్పులూ వద్దు, నేనూ వద్దు. బాణంలా పోయి ఆ ఆకే పట్టుకుంటాడు.

ఆమె ఆకు మా ఆకుల్లా ఊరికే మడిచి పడేసేది కాదు. నాలుగు వైపులా మడిచి, అరటినారతో పొట్లంలా కట్టి, తొట్టిలోకి విసరకుండా అంచు మీద మెల్లిగా పెట్టి వెళ్తుంది. ఎంగిలి మెతుకు నేల రాలకూడదని మడివాళ్ళ ఆచారం కాబోలు. మన ఇళ్ళల్లో అంత శుభ్రం ఎక్కడిది మామా! వాడు దాన్ని లాగగానే కిటికీలోంచి "చూడు, చూడు, మళ్ళీ తీసినాడు దొంగ!" అని కేకేస్తుంది. నాకు తల ఎత్తుకోవడానికి ఉండదు.

మీరూ ఒక్క 'వద్దు' అనండమ్మా అని అడిగాను. "ఐయ్యో రామా! మడిలో ఉండి కుక్కతో మాట్లాడేదా నేను?" అని తలుపు వేసేసుకుంది.

చవితి దగ్గరికొస్తోంది. ఆ ఒక్క ఆకు మాన్పించే ఉపాయం చెప్పు.

రాజలక్ష్మి

పుత్తూరు
1956 ఆగస్టు 3

రాజలక్ష్మికి దీవెనలు.

పొట్లం కట్టడం గొప్ప ఆచారం. తిరుత్తణిలో ఒక అయ్యవారి ఇంట్లో ఇలాగే కట్టేవారని మా అమ్మ చెప్పిన జ్ఞాపకం. చెప్పిందో లేదో గానీ, చెప్పినట్టే ఉంది. అలాంటి ఆచారపరురాలి ఎంగిలి లాగితే ఆమెకు ఎంత కష్టంగా ఉంటుంది! ఆమె కోపంలో న్యాయం ఉంది. ఒక బుట్ట నిమ్మకాయలు పంపుతున్నాను, నా నమస్కారాలు చెప్పి ఇవ్వు.

ఆ పొట్లంలో నెయ్యి వాసన గట్టిగా ఉండి ఉంటుంది. నెయ్యికి శెనక్కాయ పప్పు సరిపోదు. ఆ ఒక్క ఆకుకు మాత్రం కొబ్బరి ముక్క చూపించు. బెల్లం అద్దిన కొబ్బరైతే ఇంకా మంచిది.

అయినా వినకపోతే చవితికి ముందు మా చిన్నతంబిని పంపుతాను. నమ్మకమైన మనిషి. బుట్ట తీసుకొస్తాడు, మైనరును జాగ్రత్తగా తెచ్చేస్తాడు. ఏడవకు. నిజం చెప్పాలంటే మీ అత్త అప్పుడే వాడికోసం పాత దుప్పటి ఉతికి ఆరేసింది. ఉతకమన్నది నేనే.

వరదయ్య

చింతాద్రిపేట
1956 ఆగస్టు 30

మామకు నమస్కారాలు.

ముందు సంతోషం చెబుతాను, తర్వాత దుఃఖం.

మైనరు గెలిచాడు! కొబ్బరి ముక్క పనిచేసింది. మొన్న సోమవారం పరీక్ష పెట్టాను. నేను తలుపు వెనక దాక్కున్నా. నీ అల్లుడు సెలవు పెట్టి మరీ బావి చాటున నిలబడ్డారు. అమ్మణమ్మ పొట్లం పెట్టి వెళ్ళింది. వాడొచ్చాడు. వాసన చూశాడు. నాలుక ఒకసారి బయటికొచ్చి లోపలికి పోయింది. నా కోసం అటూ ఇటూ వెతికాడు. నేను కనపడలేదు. అప్పుడు పెద్దమనిషిలా ఒక నిట్టూర్పు విడిచి, తొట్టికి వీపు పెట్టి కూర్చున్నాడు మామా! మేడ మీంచి కాంతారావు చప్పట్లు. గోడ అవతల స్టూలు మీంచి చప్పట్లు. నీ అల్లుడు వాణ్ణి గాల్లోకి ఎగరేసి పట్టుకున్నారు. నేను కొబ్బరి చిప్ప మొత్తం వాడికే ఇచ్చేశా.

ఇక దుఃఖం. అమ్మణమ్మ కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. సంతోషిస్తుందనుకున్నా. ఆమె ముఖం మాడిపోయింది. "వాడికి ఒంట్లో బాగలేదా?" అంది. "బాగానే ఉన్నాడమ్మా, మీ మాట ప్రకారం కుప్ప మానేశాడు" అన్నాను. టప్పున కిటికీ మూసేసింది.

మర్నాడు పొట్లం పెద్దదైంది. నెయ్యి నార మీదికి కారుతోంది. మైనరు ముట్టలేదు. ఆ తర్వాతి రోజు పొట్లంలోంచి గారె తొంగి చూసింది! వేడి వేడి నేతి గారె, ఎవరూ కొరకనిది. ఎంగిలాకులో కొరకని గారె ఎవరు పారేస్తారు మామా? నాకప్పుడు అర్థమైంది. వాణ్ణి ఊరించి తప్పు చేయించాలని చూస్తోంది. వాడు ఓడిపోతే గడువు పేరు చెప్పి మమ్మల్ని పంపించవచ్చు. ఈ పోర్షన్ ఇంకెవరికో మాటిచ్చి ఉంటుంది. నీ నిమ్మకాయలు తీసుకుని కూడా ఇంత పని చేస్తుందా!

నీ అల్లుడు కూడా అదే అంటున్నారు. "గారెకు లొంగలేదు. రేపు బొబ్బట్టు పెడితే? ఎల్లుండి పాయసం పెడితే? వాడైనా ఎన్నాళ్ళని ఆగుతాడు? మనమే ముందు పంపేస్తే మేలు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. రాత్రంతా ఆలోచించి పొద్దున ఒప్పుకున్నా. పాసైనవాణ్ణి బడి నుంచి వెళ్ళగొడుతున్నట్టుంది. మామా, చిన్నతంబిని పంపు. త్వరగా పంపు, నా మనసు మారకముందే.

రాజలక్ష్మి

పుత్తూరు
1956 సెప్టెంబరు 3

రాజలక్ష్మికి దీవెనలు.

గారె పెట్టి ఊరిస్తుందా! ఆ తల్లికి నమస్కారాలు చెప్పమన్న నోటితోనే చెబుతున్నా, నా నమస్కారాలు వెనక్కి తీసుకో. నిమ్మకాయలు ఎలాగూ తీసుకోలేం.

చిన్నతంబి గురువారం పాసింజరుకు వస్తాడు. మైనరు అలవాట్లు అతనికి చెప్పు. అరుగు మీద దుప్పటి పరిచాం. వాడొస్తున్నాడంటే నాకు సంతోషంగా ఉంది. నీ ఏడుపు మీద నేను సంతోషపడుతున్నందుకు సిగ్గుగా కూడా ఉంది. రెండూ నిజమే, ఏం చెయ్యను.

వరదయ్య

చింతాద్రిపేట
1956 సెప్టెంబరు 7

మామకు, అత్తకు నమస్కారాలు.

చిన్నతంబి ఈపాటికి ఖాళీ బుట్టతో ఇల్లు చేరి ఉంటాడు. అతన్ని కోప్పడకు, అతని తప్పేమీ లేదు. ఏం జరిగిందో కూర్చుని చదువు. అత్తనూ కూర్చోబెట్టుకో.

నిన్న పొద్దున చిన్నతంబి వచ్చాడు. నేను మైనరుకు నీళ్ళు పోసి, తుడిచి, నా పాతచీర ముక్క బుట్టలో పరిచి వాణ్ణి కూర్చోబెట్టాను. వాడు షికారు అనుకుని తోక ఊపుతున్నాడు. నాకు కళ్ళు కనపడటం లేదు. చిన్నతంబి బుట్ట నెత్తికెత్తుకుని నడవలోకి వచ్చేసరికి అమ్మణమ్మ బావి దగ్గర స్నానం ముగించి, తడిచీరతో ఎదురొచ్చింది. నేను పక్కకు తప్పుకున్నా. ఆమె తప్పుకోలేదు.

"ఎవురు నువ్వు? యాడికి పిలుచుకొని పోతా ఉండావు వాణ్ణి?"

"పుత్తూరికమ్మా" అన్నాడు చిన్నతంబి.

"దించు. దించు అంటా ఉండానా! దించరా బుట్ట!"

ఆ కేకకు చిన్నతంబి బుట్టతో సహా కింద కూర్చున్నాడు. అమ్మణమ్మ వీధి తలుపుకు అడ్డంగా నిలబడింది. నాకూ అప్పటికి కోపం తన్నుకొచ్చింది. "పంపమన్నది మీరే కదమ్మా! వాడు మానేశాక కూడా గారెలు పెట్టి ఊరిస్తున్నారు. వాడైనా పోవాలి, మేమైనా పోవాలి అన్నారుగా. వాడు పోతున్నాడు. ఇక మీకు హాయి!" అన్నాను. గొంతు బొడ్డులోంచే వచ్చింది.

ఆమె నన్ను తిట్టలేదు మామా. తలుపుకు ఆనుకుని అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఊరించేదానికా? ఎవురమ్మా ఊరించింది? ఆ పొట్లం వాడికే కదా కట్టేది, మొదటినించీ! ఆ పొద్దు చీర లాగినాడని అరిచినాను, నిజమే. గడువు పెట్టినాను, నిజమే. మర్నాడు పెరట్లోకి వస్తే నన్ను చూసి తోక ఊపినాడు. అన్ని తిట్లు తిని, మళ్ళీ నన్నే చూసి తోక ఊపినాడే! ఈ ఇంట్లో నన్ను చూసి సంతోషపడేవాళ్ళు ఎవురుండారు చెప్పు? మడి మడి అని అందరూ పక్కకు పోయేవాళ్ళే. చేత్తో పెడితే మడి పోతాది. ఆకులో కట్టి ఆడ పెడితే నేను ముట్టినట్టూ కాదు, పెట్టినట్టూ కాదు. వాడే తీసుకొనేవాడు. నువ్వు వద్దు వద్దని నేర్పి, నా అన్నం వాడికి చేదు చేసినావు."

విన్నావా మామా! ఎంగిలి కాదట, ముందే తీసి పెట్టిన ముద్ద! ఆచారం అనుకున్నాం మనిద్దరం. నువ్వు తిరుత్తణి అయ్యవారిని కూడా తెచ్చావు.

"మరి కిటికీలోంచి దొంగా దొంగా అని ఎందుకు అరిచారమ్మా?" అని అడిగాను.

"అరవకుంటే మీకు తెలిసిపోదా? గడువు పెట్టిన ఇంటామెను నేను! చెప్పిన మాట ఎట్ల వెనక్కి తీసుకొనేది?" అంది, ముక్కు తుడుచుకుంటూనే గట్టిగా.

మేడ మెట్ల మీద కాంతారావు ఫక్కున నవ్వాడు. నేనూ నవ్వాను. ఏడుస్తూనే అమ్మణమ్మ కూడా నవ్వింది. ఇన్నాళ్ళలో ఆమె నవ్వు వినడం ఇదే మొదలు. చిన్నతంబికి ఏమీ అర్థం కాక బుట్ట పట్టుకునే ఉన్నాడు. అతనికి గారెలు పెట్టి, రైలుకు పంపాం. నీ అరుగు ఖాళీగా ఉండిపోయిందని నాకు తెలుసు. పండగ దాటాక మైనరును తీసుకుని నేనే వస్తాను, వాడు వారం రోజులు నీ దుప్పటి మీద పడుకుంటాడు. ఆ వారానికే అమ్మణమ్మ ఎలాగో ఒప్పుకుంది.

ఇక మధ్యాహ్నం సంగతి చెప్పి ముగిస్తాను. గడియ చప్పుడైంది. అమ్మణమ్మ పొట్లం లేకుండా, విప్పిన ఆకుతో పెరటి గడప మీదికి వచ్చి కూర్చుంది. అన్నం, పప్పు, నెయ్యి, రెండు గారెలు. గోడ అవతల స్టూలు మీద జనం ఉన్నారని తెలిసి కూడా కూర్చుంది. ఆకు కింద పెట్టి, "దా నాయనా, తిను" అంది.

మైనరు వచ్చాడు. ఆకు చూశాడు, ఆమెను చూశాడు. గిరుక్కున తిరిగి నా ముఖం చూశాడు. నేను నేర్పిన చదువు! అమ్మణమ్మ కూడా నా ముఖమే చూస్తోంది. వాడు తినకపోతే ఆమె కూడా తినేట్టు లేదు. బొడ్డులోంచి కాదు, మెల్లిగానే "తినరా" అన్నాను.

తిన్నాడు. తిన్నంతసేపూ తోక ఊపుతూనే తిన్నాడు. ఆకు నాకేసి, నేరుగా ఆమె ఒడిలోకి ఎక్కి, నెయ్యి మూతి ఆమె చీరకే తుడుచుకుని పడుకున్నాడు. నేను గబగబా బావి దగ్గరకు పోయి, ఆమె మళ్ళీ స్నానం చేయాలి కదా అని చేద వేసి నీళ్ళు తోడిపెట్టాను.

ఆ నీళ్ళు సాయంత్రం నీ అల్లుడు వచ్చి పోసుకున్నారు మామా. అమ్మణమ్మ లేవలేదు.

నీ రాజలక్ష్మి